తగ్గింది మందు వల్లనా, కాలం వల్లనా?

గృహవైద్యాన్ని పరీక్షించి తెలుసుకొనే పద్ధతి

ఏ ఇంటిలోనైనా ఒక మందును గురించి ప్రస్తావన వచ్చినప్పుడు తప్పక వినబడే వాక్యం ఒకటి కలదు: "మేము వాడాము, తగ్గింది." వైద్యవృత్తిలో ఉన్నవాడిగా నేను ఈ వాక్యాన్ని దాదాపు ప్రతిదినమూ వింటూ ఉంటాను. శొంఠి కషాయంతో జలుబు పోయిందని ఒకరు, మెంతులతో మోకాళ్ళనొప్పి తగ్గిందని మరొకరు, పసరుతో కామెర్లు దిగిపోయాయని ఇంకొకరు చెబుతారు. వీరిలో ఎవరూ అసత్యం చెప్పడం లేదు. వాడిన మాట నిజం. తగ్గిన మాటా నిజం. అయితే ఈ రెండు నిజాలనూ ముడివేసే 'అందువల్ల' అనే మాట మాత్రం ఇంకా రుజువు కావలసి ఉన్నది. ఆ ఒక్క మాటను రుజువు చేయడానికి మనిషి కనిపెట్టుకొన్న మార్గమే శాస్త్రీయ పద్ధతి.

ఇది ప్రయోగశాలలో తెల్లకోటు తొడుక్కొన్నవారికి మాత్రమే సంబంధించిన విషయమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ఇంటిల్లిపాదికీ మందులు నిర్ణయించే గృహిణికీ, పెద్దలకూ ఈ పద్ధతి అందరికంటే ముందుగా తెలియవలసి ఉన్నది. ఎందుకంటే తప్పుడు 'అందువల్ల' ఒక్కొక్కసారి ప్రాణం మీదికి తెస్తుంది. అది ఎట్లాగో ఈ వ్యాసంలో వివరిస్తాను.

చరకుడు చెప్పిన నాలుగు పరీక్షలు

పరీక్షించి చూడడం మన వైద్యానికి పరాయి భావన కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని పదకొండవ అధ్యాయంలో సత్యాన్ని తెలుసుకొనేందుకు నాలుగు విధాలైన పరీక్షలు చెప్పబడ్డాయి. అవి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. నమ్మదగిన పెద్దలు చెప్పినది ఆప్తోపదేశం. ఇంద్రియాలతో స్వయంగా గ్రహించినది ప్రత్యక్షం. పొగను చూసి నిప్పును ఊహించడం వంటిది అనుమానం. అనేక కారణాలు కలిసి ఒక ఫలితాన్ని ఎట్లా కలిగిస్తాయో విచారించడం యుక్తి.

యుక్తికి చరకుడు ఇచ్చిన ఉదాహరణ రైతుకు తెలిసినదే. నీరు, దుక్కి, విత్తనం, ఋతువు ఈ నాలుగూ కలిస్తే పంట పండుతుంది. రోగం తగ్గడం కూడా అటువంటిదే. మందు, పథ్యం, విశ్రాంతి, కాలం, శరీరబలం, మనసులోని ధైర్యం ఇవన్నీ కలిసి రోగికి నయమవుతుంది. మరి వీటిలో మందు వంతు ఎంత? పంట బాగా పండినప్పుడు అది కొత్త విత్తనం వల్లనా, మంచి వానల వల్లనా అని తేల్చాలంటే రైతు ఏమి చేయవలెను? ఒకే చేనులో, ఒకే దుక్కిలో, ఒకే వానకు పక్కపక్కనే పాత విత్తనమూ, కొత్త విత్తనమూ చల్లి చూడవలెను. ఆధునిక శాస్త్రం యుక్తికి తోడుగా చేర్చినది ఈ పక్కపక్కన పెట్టి చూడడాన్నే. తక్కిన అన్నింటినీ సమానంగా ఉంచి, ఒక్కదానిని మాత్రమే మార్చి, ఫలితాన్ని పోల్చడం దాని సారాంశం.

వంటింటిలో ఒక అభ్యాసం

ఈ పద్ధతిలోని మెట్లన్నీ ఒక్క రాత్రిలో మీ వంటింటిలోనే నేర్చుకోవచ్చును. చలికాలంలో పెరుగు సరిగా తోడుకోదు. ఇది పరిశీలన. ఎందుకు తోడుకోదు? ఇది ప్రశ్న. తోడు చాలకపోవడం వల్లనని అత్తగారు అంటారు. చలి వల్లనని కోడలు అంటుంది. ఇవి రెండూ ఊహలే. పరీక్షకు నిలబెట్టదలచిన ఇటువంటి ఊహను శాస్త్రంలో 'పరికల్పన' అంటారు. ఇప్పుడు వాదం పెంచుకోవలసిన పని లేదు. అయిదు చిన్న స్టీలు గిన్నెలు చాలు.

ఒకే పాత్రలో కాచి, గోరువెచ్చగా చల్లార్చిన పాలను అయిదు గిన్నెలలో సమానంగా పోయండి. మొదటి దానిలో ఒక చెంచా తోడు వేసి వంటింటి గట్టుమీద ఉంచండి. రెండవ దానిలోనూ ఒక చెంచాయే వేసి, గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో ఉంచండి. మూడవ దానిలో రెండు చెంచాలు వేసి గట్టుమీద, నాలుగవ దానిలో రెండు చెంచాలు వేసి గుడ్డచుట్టి డబ్బాలో ఉంచండి. అయిదవ దానిలో తోడు వేయకుండానే గుడ్డచుట్టి డబ్బాలో పెట్టండి. ఉదయం అన్నింటినీ ఒకే సమయానికి చూడండి.

గిన్నెలు తెరవకముందే ఒక కాగితం మీద వ్రాసి ఉంచవలసినది కలదు. కోడలి మాట నిజమైతే రెండు, నాలుగు గిన్నెలు తోడుకోవలెను; ఒకటి, మూడు తోడుకోరాదు. అత్తగారి మాట నిజమైతే మూడు, నాలుగు తోడుకోవలెను. ఒకటి, రెండు తోడుకోరాదు. రెండింటిలోనూ కొంత నిజం ఉంటే నాలుగవది అన్నింటికంటే గట్టిగా ఉండవలెను. ఇట్లా ఫలితాన్ని ముందుగానే చెప్పుకోవడం వల్ల, తరువాత మన ఊహకు అనుకూలంగా అర్థం మార్చుకొనే అవకాశం ఉండదు. అయిదవ గిన్నె ఎందుకని మీరు అడగవచ్చును. వెచ్చదనం ఒక్కటే పాలను పెరుగుగా మార్చగలదేమో అనే సందేహాన్ని అది తీరుస్తుంది. తోడులోని సూక్ష్మజీవులే పాలను పులియబెట్టి గడ్డకట్టిస్తాయి. వెచ్చదనం వాటి పనిని వేగపరుస్తుంది. అవి లేని గిన్నెను పోలికకోసం ఉంచకపోతే ఈ సంగతి రుజువు కాదు.

ఒక రాత్రి ఫలితంతో తృప్తి పడరాదు. ఆ రాత్రి పాలు వేరు కావచ్చును, గిన్నె సరిగా తోమి ఉండకపోవచ్చును. మూడు రాత్రులు చేసి మూడుసార్లూ అదే ఫలితం వస్తే నమ్మకం బలపడుతుంది. పరిశీలన, ప్రశ్న, పరికల్పన, ముందుగా చెప్పిన ఫలితం, పోలికతో కూడిన ప్రయోగం, పునఃప్రయోగం, నిర్ణయం. శాస్త్రీయ పద్ధతి ఇంతే. మిగిలినదంతా దీని విస్తరణ.

పన్నెండుమంది నావికులు

పాల విషయంలో సులభమైన ఈ పని రోగుల విషయంలో ఎట్లా చేయగలమన్న సందేహం సహజం. చరిత్రలో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. పూర్వం నెలల తరబడి సముద్రయానం చేసే నావికులకు స్కర్వీ అనే వ్యాధి వచ్చేది. చిగుళ్ళు వాచి రక్తం కారడం, చర్మం మీద మచ్చలు, తీవ్రమైన నీరసం, చివరకు మరణం. దీనికి ఎవరి మందు వారు చెప్పేవారు.

1747 మే నెలలో బ్రిటిష్ యుద్ధనౌక సాలిస్‌బరీ మీద వైద్యుడుగా ఉన్న జేమ్స్ లిండ్, వ్యాధి లక్షణాలు వీలైనంత సమానంగా ఉన్న 12 మంది రోగులను ఎన్నుకొన్నాడు. అందరినీ ఒకేచోట ఉంచి, అందరికీ ఒకే ఆహారం ఇచ్చాడు. వారిని ఇద్దరేసి చొప్పున ఆరు జంటలుగా విభజించి, ఒక్కొక్క జంటకు అప్పట్లో ప్రచారంలో ఉన్న ఒక్కొక్క మందును ఇచ్చాడు. ఒక జంటకు ఆపిల్ పండ్లను పులియబెట్టిన పానీయం, ఒక జంటకు పలుచని గంధకామ్లం చుక్కలు, ఒక జంటకు వినెగర్, ఒక జంటకు సముద్రపు నీరు, ఒక జంటకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి నూరిన లేహ్యం, ఒక జంటకు రోజుకు రెండు నారింజపండ్లు, ఒక నిమ్మపండు. నౌకలోని పండ్లు ఆరు రోజులకే అయిపోయాయి. ఆ ఆరు రోజులకే పండ్లు తిన్న ఇద్దరిలో ఒకడు తిరిగి విధులకు యోగ్యుడయ్యాడు. రెండవవాడు మిగిలిన రోగులకు సపర్యలు చేసే స్థితికి వచ్చాడు.

సముద్రపు నీటిని గాని, ఆమ్లాన్ని గాని సమర్థించినవారికి కూడా 'మేము వాడాము, తగ్గింది' అనే సాక్ష్యాలు ఉండే ఉంటాయి. ఆరింటినీ పక్కపక్కన నిలబెట్టిన తరువాతనే వాటి బలం తెలిసింది. లిండ్ తన గ్రంథాన్ని 1753లో ప్రచురించాడు. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని నియమంగా ఇవ్వడం 1795లో గాని మొదలుకాలేదు. నిమ్మలో ఉన్నది విటమిన్ సి అని తెలియడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసి వచ్చింది. ఇక్కడ గ్రహించవలసినది ఒకటి ఉన్నది. మందు ఎందుకు పనిచేస్తుందో తెలియకపోయినా, పనిచేస్తుందో లేదో పరీక్షించవచ్చును. కనుక 'ఇది సూక్ష్మమైన విషయం, పరీక్షకు అందదు' అనే సమాధానం చెల్లదు.

కామెర్లు నేర్పే పాఠం

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాము. పచ్చకామెర్లకు జరిగినంత గృహవైద్యం మన ప్రాంతంలో మరి దేనికీ జరగదేమో. పసరు పోస్తారు, చేతిమీద వాతలు పెడతారు, కొన్నిచోట్ల చేతులు కడిగి కామెర్లు దింపుతామంటారు. ఈ చివరి దానిని ముందుగా చూద్దాము. రోగి చేతులకు ఏదో రసం పూసి, సున్నపు తేటతో కడుగుతారు. నీరు పసుపుపచ్చగా మారుతుంది. కామెర్లు నీటిలోకి దిగిపోయాయని అక్కడివారు ఆశ్చర్యపోతారు.

దృష్టి తీసే ఎర్రనీళ్ళు ఎట్లా చేస్తారో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పసుపు నీటిలో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. అదే విధంగా మామిడి బెరడు రసం సున్నపు తేటతో కలిస్తే పసుపు రంగు ఇస్తుంది. ఇది రసాయనిక మార్పు. సందేహం ఉన్నవారు చేయవలసిన పరీక్ష చాలా చిన్నది. రోగితోపాటు పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూడా కూర్చోబెట్టి, అదే రసంతో, అదే నీటితో ఆయన చేతులు కూడా కడిగించండి. ఆ నీరు కూడా పచ్చబడితే, ఆ పచ్చదనం రోగి శరీరం నుండి వచ్చినది కాదని తేలుతుంది. పెరుగు ప్రయోగంలోని అయిదవ గిన్నె ఇక్కడ ఆ ఆరోగ్యవంతుడే.

పసరు విషయం ఇంతకంటే సున్నితమైనది. కామెర్లు ఒక రోగం కాదు. అనేక రోగాలలో కనబడే ఒక లక్షణం. కలుషితమైన నీరు, ఆహారం వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలలో ఎక్కువమందికి కొన్ని వారాలలో కామెర్లు వాటంతట అవే తగ్గిపోతాయి. మన ఇళ్ళలో పిల్లలకు వచ్చే కామెర్లలో అధికభాగం ఇటువంటివే. ఆ సమయంలో ఏ పసరు పోసినా, అసలు పోయకపోయినా, కీర్తి చివరగా వాడిన మందుకే దక్కుతుంది.

నేను ఎరిగిన ఒక కుటుంబంలో కుమారునికి ఒక వేసవిలో కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు. మూడు వారాలలో తగ్గింది. మరుసటి ఏడు తండ్రికి కళ్ళు పచ్చబడ్డాయి. సహజంగానే అదే పసరు, అదే పథ్యం. ఆయనకు ఒళ్ళంతా దురద, మలం తెల్లగా సున్నం రంగులో రావడం జరుగుతున్నా, కుమారునికి తగ్గిన మందు మీది నమ్మకంతో నెలరోజులు గడిపారు. చివరకు చలిజ్వరం వచ్చి ఆసుపత్రికి చేర్చినప్పుడు పిత్తనాళంలో రాయి అడ్డుపడినట్లు స్కానింగులో కనబడింది. రాయిని తీసిన తరువాత కోలుకొన్నారు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే చెప్పలేకపోయేవారమని వైద్యులు అన్నారు. ఆ ఇంటివారు అజ్ఞానులు కారు; అనుభవాన్ని నమ్ముకొన్నవారు. కాని ఆ అనుభవంలో పోలిక లేదు. కుమారునికి పసరు లేకుండా ఏమి జరిగి ఉండేదో వారికి తెలియదు.

నేల ఉసిరి పరీక్ష

మరి కామెర్ల మందులను ఎవరూ సక్రమంగా పరీక్షించలేదా? పరీక్షించారు. నేల ఉసిరిని భూమ్యామలకి అని ఆయుర్వేదంలో వ్యవహరిస్తారు. దీనిని కాలేయ వ్యాధులలో తరతరాలుగా వాడుతున్నారు. మద్రాసులోని పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను గుర్తించి 1976లో నోబెల్ బహుమానం అందుకొన్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి ఈ మొక్కను పరీక్షించారు. హెపటైటిస్ బి రకం ఎ, ఇ ల వంటిది కాదు. కొందరిలో ఆ వైరస్ పైకి ఏ బాధా లేకుండా ఏళ్ళ తరబడి రక్తంలో నిలిచిపోయి, క్రమంగా కాలేయాన్ని పాడుచేస్తుంది. అటువంటివారిలో కొందరికి నేల ఉసిరి చూర్ణమూ, మరికొందరికి ప్లాసిబో, అనగా చూడడానికి మందువలెనే ఉండి మందు లేనిదీ, 30 రోజులు ఇచ్చారు.

మందు లేని మందు ఎందుకని అడగవచ్చును. మందు తీసుకొన్నామన్న ధైర్యమే కొంత మార్పు తెస్తుంది. ఆ ధైర్యం ఇరువైపులా సమానంగా ఉంటేనే మొక్క వంతు ఎంతో విడిగా తెలుస్తుంది. 1988లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఫలితం వెలువడింది. నేల ఉసిరి తీసుకొని తిరిగి పరీక్ష చేయించుకొన్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ చిహ్నం కనబడకుండా పోయింది. మందు లేని చూర్ణం తీసుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లా జరిగింది. వందకు 59 ఎక్కడ, 4 ఎక్కడ! మన పెరటిమొక్కకు ప్రపంచమంతటా పేరు వచ్చింది.

కథ ఇక్కడ ముగిస్తే మనకందరికీ సంతోషం. కాని శాస్త్రం పునఃప్రయోగం కోరుతుంది. 1990లో థాయిలాండులోనూ, 1994లో న్యూజిలాండులోనూ ప్రచురితమైన పరిశోధనలలో ఆ మొక్కతో అటువంటి ఫలితం రాలేదు. 2011లో ఆనాటివరకు జరిగిన ప్రయోగాలన్నింటినీ సమీక్షించిన కోక్రేన్ సంస్థ, దీర్ఘకాలిక హెపటైటిస్ బి వ్యాధిలో ప్లాసిబో కంటే ఈ మొక్క మేలు చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

దీని అర్థం ఏమిటి? నేల ఉసిరికి ఏ గుణమూ లేదని కాదు. ఈ రోగంలో, ఈ మోతాదులో, ఈ విధంగా వాడినప్పుడు మొదట కనబడిన ఫలితం తిరిగి నిలబడలేదని మాత్రమే. మొక్క పెరిగిన నేల, కోసిన ఋతువు, ఎండబెట్టిన తీరు భేదించడం వల్ల కావచ్చునని కొందరు అనవచ్చును. అనవచ్చును గాని అది కూడా ఒక పరికల్పనయే. దానిని కూడా పరీక్షించే వరకు రోగికి దానిని మందుగా చెప్పే అధికారం మనకు లేదు. పుట్టిన 24 గంటలలోపు శిశువుకు వేసే హెపటైటిస్ బి టీకా, వ్యాధి ఉన్నవారికి వైరస్‌ను అదుపుచేసే మాత్రలు నేడు అందుబాటులో ఉన్నవి. వాటిని మానిపించి పసరు పోయడం ఆయుర్వేదం మీది భక్తి అనిపించుకోదు.

పరీక్షలో నెగ్గిన ఒక ఆకు

పరీక్ష అనగానే పాత మందులన్నీ ఓడిపోతాయని భయపడనక్కరలేదు. చైనాలో 1967లో మలేరియాకు కొత్త మందు వెదికే పని మొదలైంది. అందులో చేరిన తు యుయు అనే శాస్త్రజ్ఞురాలు పూర్వగ్రంథాలలోని యోగాలను సేకరించి ఒక్కొక్కటే పరీక్షించింది. చింఘావ్ అనే మొక్క సారం ఒకసారి పనిచేసి, మరొకసారి పనిచేయక చికాకు పెట్టింది. నాలుగవ శతాబ్దానికి చెందిన గ హోంగ్ గ్రంథంలో ఆ మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసాన్ని త్రాగమని ఉన్నది. మరిగించమని లేదు. వేడికి మందు చెడిపోతున్నదేమో అని ఆమెకు తోచింది. ఇది పరికల్పన. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసి చూసింది. ఇది ప్రయోగం. 1971 అక్టోబరులో ఆ విధంగా తయారైన 191వ నమూనా ఎలుకలలోని మలేరియా క్రిములను పూర్తిగా నిర్మూలించింది. మరుసటి ఏడు రోగులకు ఇవ్వడానికి ముందు ఆమె, సహచరులు తామే సేవించి హాని లేదని చూసుకొన్నారు. ఆ మొక్క నుండి వచ్చిన ఆర్టెమిసినిన్ లక్షలాది ప్రాణాలు నిలిపింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం లభించింది.

నేల ఉసిరికీ, ఈ ఆకుకూ జరిగిన పరీక్ష ఒకే జాతిది. ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు. రెండింటినీ సమంగా గౌరవించినది ఆ పరీక్షయే. పూర్వగ్రంథం దారి చూపుతుంది. ఆ దారిలో గమ్యం ఉన్నదా అన్నది నడిచి తెలుసుకోవలెను. చరకుని మాటల్లో చెప్పాలంటే ఆప్తోపదేశం మొదటి మెట్టు, అదే చివరి మెట్టు కాదు.

ఇంటిలో చేయదగిన పరీక్ష

పాఠకులు ఇంటిలో నిరపాయంగా చేయదగిన పరీక్ష ఒకటి సూచిస్తాను. భోజనం తరువాత కడుపు ఉబ్బరం చాలామందికి ఉన్నదే. దానికి వాము మంచిదని అందరూ చెబుతారు. నిజమో కాదో ఇట్లా చూడండి.

1. ముందుగా పరికల్పనను స్పష్టంగా వ్రాయండి. 'వాము ఒంటికి మంచిది' అనేది పరికల్పన కాదు. అది ఎన్నటికీ తప్పు కాలేదు గనుక ఎన్నటికీ రుజువూ కాలేదు. 'మధ్యాహ్న భోజనం తరువాత అర చెంచా వాము, గ్లాసు వేడినీటితో తీసుకొంటే సాయంత్రం ఉబ్బరం సగానికి తగ్గుతుంది' అనేది పరికల్పన.

2. ఇరవై చీటీలు తీసుకొని పదింటి మీద 'వాము', పదింటి మీద 'వేడినీరు మాత్రమే' అని వ్రాసి ఒక డబ్బాలో వేయండి. ప్రతిదినం భోజనం తరువాత ఒక చీటీ తీసి దాని ప్రకారం చేయండి. ఏ రోజు ఏది అన్నది మీ ఇష్టానికి వదలకూడదు. వదిలితే ఉబ్బరం ఎక్కువగా ఉన్న రోజే వాము వైపు చేయి పోతుంది.

3. సాయంత్రం ఒకే సమయానికి ఉబ్బరానికి 0 నుండి 3 వరకు అంకె వేయండి. 0 అంటే లేదు, 3 అంటే భరించలేనంత. ఏ రోజూ వదలక, బాగున్న రోజూ, బాగులేని రోజూ వ్రాయవలెను.

4. ఈ ఇరవై రోజులూ భోజనవేళలు గాని, ఇతర మందులు గాని మార్చవద్దు. వాముతోపాటు మజ్జిగ కూడా మొదలుపెడితే రెండింటిలో దేని ఫలితమో తెలియదు.

5. చివరన వాము రోజుల అంకెలు ఒకవైపు, వేడినీటి రోజుల అంకెలు మరొకవైపు కూడండి. ఉదాహరణకు వాము వైపు 9, వేడినీటి వైపు 21 వస్తే మీకు అది ఉపకరిస్తున్నదని చెప్పదగిన ఆధారం దొరికినట్లే. 15, 16 వస్తే వాము ప్రత్యేకించి చేసినది ఏమీ కనబడనట్లే. రెండువైపులా ముందటికంటే బాగా తగ్గితే ఆ గొప్ప వేడినీటిది కావచ్చును, భోజనవేళలు నియమంగా పాటించడానిది కావచ్చును.

ఈ పరీక్షకు ఒక పరిమితి కలదు. వాము ఘాటును దాచలేము గనుక ఆ రోజు ఏది తీసుకొన్నదీ రోగికి తెలుస్తూనే ఉంటుంది. నమ్మకం అంకె మీద కొంత ప్రభావం చూపుతుంది. అందువల్ల స్వల్పమైన తేడాను లెక్కలోకి తీసుకోరాదు. మరియు ఈ ఫలితం మీ శరీరానికి సంబంధించినది. పక్కింటివారికి చెప్పేటప్పుడు 'నాకు ఉపకరించింది, మీరూ పరీక్షించి చూడండి' అనడమే న్యాయం.

ఫలితం మనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. 'పథ్యం సరిగా జరగలేదు', 'వాము పాతది', 'ఆ రోజు గ్రహస్థితి బాగులేదు' అని కారణాలు వెదుకుతాము. నయమైతే మందు గొప్ప, నయం కాకపోతే రోగి తప్పు అనే తర్కంలో ఏ మందూ ఎన్నడూ ఓడిపోదు. ఎన్నడూ ఓడిపోలేని మందును పరీక్షించినట్లు కాదు.

ఇంటిలో పరీక్షించరానివి

పైన చెప్పిన పరీక్ష తరచుగా వచ్చిపోయే చిన్న బాధలకే వర్తిస్తుంది. ఛాతీనొప్పి, ఆయాసం, కామెర్లు, మూడు రోజులకు తగ్గని జ్వరం, రక్తం పడడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, ఇవి ప్రయోగాలకు తగిన స్థలాలు కావు. రక్తపోటుకు, మధుమేహానికి, మూర్ఛకు వాడుతున్న మందులను ఆపి మరొకదానిని పరీక్షించరాదు. పసిపిల్లల మీద, గర్భిణుల మీద ఏ పరీక్షా చేయరాదు.

కామెర్ల విషయంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నవి. రోగికి మత్తు, మాటలో తడబాటు, ఆగని వాంతులు, ఎక్కడినుండైనా రక్తస్రావం, తెల్లని మలంతో దురద, చలిజ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. గర్భిణికి కళ్ళు పచ్చబడితే ఒక్క రోజు కూడా ఆగరాదు. హెపటైటిస్ ఇ వారికి ప్రాణాపాయం కలిగించగలదు. లక్షణాలు తేలికగా ఉన్నా కారణం తెలుసుకొనేందుకు రక్తపరీక్ష తప్పనిసరి.

ఇకమీదట ఎవరైనా ఒక మందును గురించి మీకు చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఎంతమందికి ఇచ్చారు? ఇవ్వనివారికి ఏమైంది? తగ్గనివారిని కూడా లెక్కలో వ్రాశారా? మరొకరు మరొకచోట చేసి చూశారా? ఈ ప్రశ్నలు మా వంటి వైద్యులను కూడా అడగండి. మంచి వైద్యుడు వీటికి నొచ్చుకోడు. సమాధానం ఉంటే చెబుతాడు, లేకపోతే లేదని ఒప్పుకొంటాడు. మన పెద్దలు అప్పగించిన వైద్యసంపద మీద నాకు అపారమైన గౌరవం ఉన్నది. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూసేది దాని విలువ తెలుసుకొనేందుకే గదా. మన మందులకు కూడా ఆ గీటురాయి అవసరమే.